పిల్లల బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ ఫోటోలు: బంతి దొరకడం లేదు, ముఖాలు నల్లగా వస్తున్నాయి

రెండు జట్ల అమ్మ | శనివారం, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. మా అమ్మాయికి 12 ఏళ్లు, సాఫ్ట్‌బాల్ ఆడుతుంది. అబ్బాయికి 10, వాడిది బేస్‌బాల్. ఈ రోజు ఇద్దరి ఆటలూ కలిపి 1,140 ఫోటోలు తీశాను. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో చూసుకుంటే దాచుకోదగ్గవి నాలుగే తేలాయి. ఆ నాలుగింటిలో రెండు ఆట అయ్యాక జట్టంతా వరుసగా నిలబడి తీయించుకున్నవి.

వాడు బ్యాటు ఊపిన ప్రతి ఫోటోలోనూ బ్యాటు చీపురుకట్టలా చెదిరిపోయి ఉంది. బంతి అయితే ఒక్కదానిలోనూ లేదు. హెల్మెట్ అంచు కింద ముఖం నల్లగా ఉంది. అమ్మాయి ఫోటోలు చాలావరకు కంచె వెనక నుంచి తీశాను. వాటిలో కంచె తీగ మీద తుప్పు కూడా స్పష్టంగా కనిపిస్తోంది కానీ అమ్మాయే మసకగా ఉంది.

నా దగ్గరున్నది క్రాప్ సెన్సర్ (కాస్త చిన్న సెన్సర్ ఉన్న) కెమెరా, 70–300 జూమ్ లెన్సు, ఎఫ్ 4.5–5.6. ఆటల మోడ్‌లో పెట్టి వదిలేశాను. ఫోటో వివరాల్లో షట్టర్ 1/320 అని చూపిస్తోంది. కెమెరా మార్చాలా, నేను మారాలా చెప్పండి.

వెలుగునీడ | శనివారం, రాత్రి 10.15

కెమెరా మార్చనక్కర్లేదండీ. మీ చిక్కుల్లో మొదటిదానికి కారణం ఆ 1/320 అంకెలోనే ఉంది.

బంతి గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వస్తోందనుకుందాం. అంటే సెకనుకు దాదాపు 22 మీటర్లు. 1/320 సెకను షట్టర్ తెరిచి ఉంచితే ఆ కాస్త సేపట్లోనే బంతి 7 సెంటీమీటర్లు కదులుతుంది. బేస్‌బాల్ బంతి అడ్డుకొలతే సుమారు 7.3 సెంటీమీటర్లు. అంటే ఫోటోలో బంతి తన నిడివి మేర సాగిపోతుంది. పచ్చిక మీద అలా సాగిన తెల్లటి మరక కంటికి బంతిలా ఆనదు. మీ ఫోటోల్లో కొన్నిటిలో బంతి ఉండే ఉంటుంది, మీరు గుర్తుపట్టలేదంతే.

1/1000 పెడితే ఆ సాగుడు 2 సెంటీమీటర్లకు తగ్గుతుంది, 1/2000 పెడితే 1 సెంటీమీటరుకు. బ్యాటు కొన బంతి కంటే కూడా వేగంగా తిరగవచ్చు. అందుకే బ్యాటింగ్‌కు 1/1600కు తగ్గవద్దు, ఎండ ఉంటే 2000 పెట్టండి. పరుగులకు, స్లైడ్‌లకు (పరుగు తీసేవారు తాకాల్సిన సంచి, అంటే బేస్, మీదికి జారడం) 1/1000 చాలు.

ఆటల మోడ్‌ను మరిచిపోండి. మాన్యువల్‌లో పెట్టి షట్టర్ 1/1600, అపెర్చర్ (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం) మీ లెన్సు తెరుచుకున్నంత, ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే తీవ్రత) మాత్రం ఆటోలో ఉంచండి. గరిష్ఠ పరిమితి 6400 ఇవ్వండి. గింజలు పడతాయని భయం వద్దు. గింజలున్న ఫోటోను తర్వాత శుభ్రం చేసుకోవచ్చు, చెదిరిన ఫోటోను ఎవరూ బాగుచేయలేరు.

పాత క్యాచర్ | శనివారం, రాత్రి 11.02

వెలుగునీడ గారి లెక్కనే నేను కొంచెం ముందుకు తీసుకెళ్తాను. చిన్నప్పుడు హోమ్ ప్లేట్ (బ్యాటర్ పక్కన నేల మీద ఉండే పలక) వెనక కూర్చుని బంతులు పట్టే క్యాచర్‌గా ఆడినవాడిని, చాలా ఏళ్లు పిల్లలకు నేర్పినవాడిని. అందుకని ఇది కెమెరా వైపు నుంచి కాదు, ఆట వైపు నుంచి చెబుతున్నాను.

లిటిల్ లీగ్ (పిల్లల బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ సంస్థ) బేస్‌బాల్ మైదానంలో పిచర్, అంటే బంతి విసిరేవాడు, నిలబడే పలక నుంచి హోమ్ ప్లేట్ 46 అడుగులు, అంటే 14 మీటర్లు. 80 కిలోమీటర్ల వేగానికి బంతి 0.6 సెకనులో వచ్చేస్తుంది. కంటితో చూసి వేలు నొక్కడానికి మనిషికి 0.2 సెకను పడుతుంది. ఆ 0.2 సెకనులో బంతి నాలుగున్నర మీటర్లు దాటేస్తుంది. అంటే బంతి బ్యాటర్‌కు ఇంకా 15 అడుగుల దూరంలో ఉండగానే మీరు నొక్కాలని నిర్ణయించుకుని ఉండాలి. బంతి తగిలిన టప్పుమనే చప్పుడు విని నొక్కితే బంతి ఎప్పుడో ఫ్రేము దాటిపోయి ఉంటుంది.

బర్స్టు (వేలు నొక్కి ఉంచితే వరుసగా ఫోటోలు తీయడం) చూసుకుంటుందిలే అనుకుంటారు చాలామంది. సెకనుకు 10 ఫ్రేములు తీసే కెమెరాలో ఒక ఫ్రేముకూ మరో ఫ్రేముకూ మధ్య బంతి 2 మీటర్లకు పైగా వెళ్తుంది. ఒకదానిలో బంతి ఇంకా రాలేదు, తర్వాతదానిలో వెళ్లిపోయింది. బ్యాటుకు బంతి తగిలి ఉండేది సెకనులో వెయ్యో వంతు.

కాబట్టి బంతి వెంట పడవద్దమ్మా. ఫోకస్ ముందే బ్యాటర్ ఛాతీ మీద పెట్టి ఉంచండి. రెండో కన్ను మూసుకోవద్దు, దానితో పిచర్ చేతిని చూడండి. బ్యాటర్ ముందుకాలు ఎత్తి నేలకు ఆనిస్తాడు చూడండి, బ్యాటు కదిలేది ఆ తర్వాతే. కాలు ఆనిన క్షణంలో నొక్కండి. మూడు నాలుగు ఫ్రేములు, అంతే. మొదటి ఇన్నింగ్స్ అంతా ఒక్క ఫోటో కూడా తీయకుండా ఆ కాలినే చూస్తూ కూర్చోండి. ప్రతి పిల్లకీ పిల్లాడికీ ఒక లయ ఉంటుంది. అది మీకు పట్టుబడితే బంతి తానే ఫ్రేములోకి వస్తుంది.

వారాంతపు కెమెరా | ఆదివారం, ఉదయం 7.20

పాత క్యాచర్ గారి మాట మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. ఇప్పటి కెమెరాలు సెకనుకు 20, 30 ఫ్రేములు తీస్తున్నాయి. 30 ఫ్రేముల దగ్గర బంతి ఎడం 75 సెంటీమీటర్లే. మూడు నాలుగు బంతులకు ఒకసారైనా బ్యాటు దగ్గర దొరుకుతుంది. పిల్లాడి లయ నేర్చుకునేంత తీరిక అమ్మలకు ఎక్కడుంటుంది? పక్కన ఇంకో పిల్ల నీళ్లడుగుతూ ఉంటుంది.

పాత క్యాచర్ | ఆదివారం, ఉదయం 8.05

మీరు చెప్పిన వేగం చాలా కెమెరాల్లో ఎలక్ట్రానిక్ షట్టర్‌తోనే వస్తుంది. నిరుడు ఒక తండ్రి నాకు ఫోటో చూపించాడు. పిల్లాడు అద్భుతంగా కొట్టాడు, బంతి బ్యాటుకు జానెడు దూరంలో ఉంది, కళ్లు బంతి మీదే ఉన్నాయి. కానీ బ్యాటు అరటిపండులా వంగిపోయి ఉంది. సెన్సర్ వరుసలన్నిటినీ ఒకేసారి చదవదు, పై నుంచి కిందికి చదువుకుంటూ పోతుంది. ఆ లోపు బ్యాటు తిరిగిపోతుంది. అంత మంచి క్షణం అలా పాడైందని ఆ తండ్రి పడిన బాధ నాకు ఇంకా గుర్తుంది. సెన్సర్‌ను చాలా వేగంగా చదివే ఖరీదైన కెమెరాల్లో ఈ వంపు దాదాపు కనిపించదు. తక్కినవాటిలో మెకానికల్ షట్టర్ పెట్టుకుని ఫ్రేములు తగ్గినా సరిపెట్టుకోవడమే మేలు.

వారాంతపు కెమెరా | ఆదివారం, ఉదయం 8.31

ఇప్పుడే పాత ఫోటోలు తెరిచి చూశాను. మీరన్నది నిజమే, నావాటిలోనూ బ్యాటు వంగే ఉంది. ఇన్నాళ్లూ అది బ్యాటు ఊపులోని అందం అనుకున్నాను. ఈ రోజే షట్టర్ మారుస్తాను.

కంచె పక్కన | ఆదివారం, ఉదయం 10.48

కంచె సంగతి నేను చెబుతాను, నా ఫోటోలన్నీ దాని వెనక నుంచే.

కంచెకు రెండడుగులు వెనక నిలబడితే కెమెరా తీగనే పట్టుకుంటుంది. దానికి దగ్గరగా కనిపించేది అదే మరి. లెన్సు హుడ్ తీసేసి, లెన్సు అంచును తీగకు ఆనించినంత దగ్గరకు వెళ్లండి. గాజు మధ్యభాగం తీగల నడుమ ఉన్న ఖాళీకి ఎదురుగా ఉండాలి. ప్రతి లెన్సుకూ కనీస ఫోకస్ దూరం ఒకటి ఉంటుంది, అంతకంటే దగ్గర ఉన్నదాన్ని అది పట్టుకోలేదు. అపెర్చర్ పూర్తిగా తెరిచి, జూమ్ 200 దాటిస్తే తీగ పూర్తిగా కరిగిపోతుంది. అపెర్చర్ చిన్నదయ్యే ఎఫ్ 8లో ఆ మాయ జరగదు, బూడిదరంగు మరకలు మిగులుతాయి.

ఇంకో చిన్న విషయం చెబుతాను. దీన్ని నేను రెండు సీజన్లు పోగొట్టుకుని నేర్చుకున్నాను. ఎండ నేరుగా పడే తీగ దగ్గర నిలబడితే ఫోటో మొత్తం పాలు కలిపినట్టు తెల్లబారుతుంది. అదే కంచెలో స్తంభం నీడ పడిన చోటు ఒకటి వెతుక్కోండి. ఆ నీడలోని తీగ వెనక నుంచి తీస్తే రంగులు ఉన్నవి ఉన్నట్టు వస్తాయి. నేను మైదానానికి వెళ్లగానే ముందు చూసేది ఆ నీడ ఎక్కడుందనే.

నిలబడే చోటు: హోమ్ ప్లేట్ నుంచి మైదానం వైపు చూస్తే కుడివైపుది మొదటి బేస్, ఎడమవైపుది మూడో బేస్. కుడిచేతి బ్యాటర్ ముఖం మొదటి బేస్ వైపు తిరిగి ఉంటుంది. కాబట్టి మొదటి బేస్ వైపు డగౌట్ (జట్టు కూర్చునే చోటు) దాటి, బేస్‌కు కాస్త ఇవతల ఉండండి. ఎడమచేతి బ్యాటర్ వస్తే మూడో బేస్ వైపు వెళ్లాలి. హోమ్ ప్లేట్ వెనక నుంచి తీస్తే మీకు మిగిలేవి వీపులు, అంపైర్ నల్ల చొక్కా.

నిలబడి తీయకండి, చిన్న పీట వేసుకుని కూర్చోండి. పెద్దవాళ్ల ఎత్తు నుంచి తీస్తే పిల్లలు మట్టికి అతుక్కున్నట్టు కనిపిస్తారు. వాళ్ల కళ్ల ఎత్తుకు దిగితే వెనక పచ్చిక అంచు, చెట్లు, ఆకాశం వస్తాయి, కార్ల బారు తగ్గుతుంది. ఫ్రేము మూలలో నీలం రంగు తాత్కాలిక మరుగుదొడ్డి ఉందేమో ఒకసారి చూసుకోండి. నా వాటిలో డజను ఫోటోలు దాని పాలయ్యాయి.

ఒక హెచ్చరిక. కంచె లేనిచోట, లేదా కంచె నడుము ఎత్తే ఉన్నచోట ఫౌల్ బంతి (గీత బయటికి వెళ్లిన బంతి) నేరుగా మీ మీదికి రావచ్చు. బ్యాటర్ ఆడుతున్నప్పుడు కెమెరా తెర చూసుకుంటూ కూర్చోకండి. తీసినవి ఇన్నింగ్స్ మధ్యలో చూసుకోవచ్చు. మైదానం లోపలికి వెళ్లాలనుంటే అంపైర్‌ను, శిక్షకుణ్ని ముందే అడగండి. వద్దంటే వద్దే.

మొదటి లెన్సు | ఆదివారం, మధ్యాహ్నం 1.10

నా దగ్గర ఫోను తప్ప ఏమీ లేదు. నేను ప్రయత్నించడం దండగా?

కంచె పక్కన | ఆదివారం, మధ్యాహ్నం 1.34

దండగ కానే కాదు. దూరంగా జరిగే ఆటను ఫోనుకు అప్పగించవద్దు, జూమ్ చేస్తే చెడిపోతుంది. దగ్గర జరిగేది తీయండి. తన వంతు కోసం ఎదురుచూస్తూ బ్యాటు ఊపుకునే పిల్ల, డగౌట్ కడ్డీల మధ్య నుంచి తొంగిచూసే నాలుగు ముఖాలు, పరుగు తీసి వచ్చినవాడి హెల్మెట్ మీద పడే పది చేతులు. పొడవు లెన్సు ఉన్నవాళ్లకు ఇవి దొరకవు. అందరి పిల్లలూ ఉంటారు కాబట్టి, బయట ఎక్కడైనా పెట్టేముందు ఆ పిల్లల అమ్మానాన్నలను అడగండి.

విండ్‌మిల్ నాన్న | ఆదివారం, సాయంత్రం 5.55

సాఫ్ట్‌బాల్ గురించి ఎవరూ మాట్లాడలేదు, అందుకే వచ్చాను. మా అమ్మాయి పిచర్. బేస్‌బాల్‌కు చెప్పినవన్నీ దీనికి అలాగే వర్తించవు.

12 ఏళ్ల వాళ్లకు పిచింగ్ దూరం 40 అడుగులే. బంతి పెద్దది, చుట్టుకొలత 12 అంగుళాలు, పసుపు రంగు. పచ్చిక మీద, ఎర్రమట్టి మీద అది తెల్ల బంతి కంటే బాగా కనిపిస్తుంది. దూరం తక్కువ కాబట్టి మీకున్న సమయమూ తక్కువే, కాలిని చూసే పద్ధతి ఇక్కడ ఇంకా అవసరం.

పిచర్ ఫోటోయే సాఫ్ట్‌బాల్‌కు ప్రాణం. చేయి పూర్తిగా ఒక చుట్టు తిరిగి తుంటి పక్కన బంతిని వదులుతుంది. కుడిచేతి పిచర్ ఒళ్లు ఆ చుట్టులో మూడో బేస్ వైపు తెరుచుకుంటుంది. అందుకే నేను ఎప్పుడూ మూడో బేస్ వైపే ఉంటాను. తీయాల్సిన క్షణాలు రెండు. ఒకటి, చేయి నెత్తి మీద నిటారుగా ఉండి ముందుకాలు గాల్లో ఉన్నప్పుడు. రెండోది, బంతి వేళ్ల కొసల నుంచి అప్పుడే విడిపోయినప్పుడు. రెండోదానికి షట్టర్ 1/2000 ఉన్నా మణికట్టు దగ్గర కొంచెం చెదరుతుంది. ఆ చెదురు నాకు ఇష్టం. ముఖం స్పష్టంగా ఉంటే చాలు, ఆ చేతిలో ఎంత బలం ఉందో అదే చెబుతుంది.

ముఖం అంటే గుర్తొచ్చింది. చాలామంది అమ్మాయిలు ఫీల్డింగ్‌లో ముఖానికి కడ్డీల మాస్కు పెట్టుకుంటారు. కంటిని వెతికే ఆటోఫోకస్ ఆ కడ్డీల దగ్గర తడబడుతుంది, పక్కన కూర్చున్నవాళ్ల ముఖం మీదికి దూకుతుంది. నేను దాన్ని ఆపేసి, ఒక్క చిన్న ఫోకస్ బిందువును జెర్సీ అంకె మీద పెడతాను. అంకెకూ కంటికీ పెద్ద దూరం ఉండదు.

ఎడమచేతి స్లాపర్ ఎవరైనా మీ జట్టులో ఉంటే తప్పక తీయండి. పరుగు మొదలుపెట్టి, అడుగులు వేస్తూనే బంతిని తాకిస్తుంది. బ్యాటు, బంతి, పరుగు ఒకే ఫ్రేములో వస్తాయి.

రెండు జట్ల అమ్మ | ఆదివారం, రాత్రి 8.20

మీ అందరి మాటలూ కాగితం మీద రాసుకున్నాను. ఇంకో రెండు అడుగుతాను. హెల్మెట్ కింద నలుపుకు ఏం చేయాలి? అమ్మాయి రెండో బేస్‌లోకి స్లైడ్ చేసింది, దుమ్ము లేచింది, ఎంత బాగుందో. ఫోటోలో మాత్రం అంపైర్ వీపే ఉంది. ఆ స్లైడ్ మళ్లీ రాదు కదా అని రాత్రి నిద్ర పట్టలేదు.

వెలుగునీడ | ఆదివారం, రాత్రి 9.03

మొదటిదానికి నేను జవాబిస్తాను. మిట్టమధ్యాహ్నపు ఎండలో తెల్ల జెర్సీని చూసి కెమెరా ఫోటో మొత్తాన్ని చీకటి చేస్తుంది. అంచు నీడలో ఉన్న ముఖం దానితో ఇంకా నల్లబడుతుంది. ఎక్స్‌పోజర్‌ను +0.7 నుంచి +1 దాకా పెంచండి. జెర్సీ కొంచెం వెలిసినా పరవాలేదు, ముఖం కనిపించాలి. రా ఫైలులో (కెమెరా మార్పులు చేయని అసలు ఫైలులో) తీస్తే ఆ జెర్సీని కూడా చాలావరకు వెనక్కి తెచ్చుకోవచ్చు.

ఎర్రమట్టి మీకు సాయం చేస్తుంది. దాని మీద పడిన ఎండ కింది నుంచి ముఖం మీదికి తిరిగి వస్తుంది. పచ్చిక మీద నిలబడే అవుట్‌ఫీల్డర్ కంటే మట్టి మీద, రెండో మూడో బేస్‌ల మధ్య ఉండే షార్ట్‌స్టాప్ ముఖం ఎప్పుడూ వెలుగుగా ఉంటుంది, గమనించండి.

అన్నిటికంటే మంచిది ఆట వేళ. రెండు ఆటల్లో ఒకదానికే కెమెరా తీసుకెళ్లగలిగితే పొద్దు వాలేదాన్ని ఎంచుకోండి. ఎండ ఏటవాలుగా అంచు కిందికి కూడా చేరుతుంది.

పాత క్యాచర్ | ఆదివారం, రాత్రి 10.40

స్లైడ్ సంగతి. మళ్లీ రాదని అనుకోకండమ్మా, 12 ఏళ్ల పిల్లల ఆటలో స్లైడ్‌లకు కొదవ లేదు. ఎప్పుడు వస్తుందో ముందే తెలుస్తుంది కూడా.

లిటిల్ లీగ్‌లో 12 ఏళ్లలోపు విభాగాల నియమం ఒకటుంది. పిచర్ వేసిన బంతి బ్యాటర్‌ను చేరేదాకా రన్నర్ బేస్ వదలకూడదు. పెద్దవాళ్ల ఆటలోలా ముందే జరిగి నిలబడడం ఉండదు. ఫోటో తీసేవారికి ఇది వరం. మొదటి బేస్ మీద వేగంగా పరిగెత్తే పిల్ల ఉంది, రెండో బేస్ ఖాళీగా ఉంది అనుకోండి. ఆ ఒక్క బంతికి బ్యాటర్‌ను వదిలేయండి. ఫోకస్ రెండో బేస్ సంచి మీద పెట్టి కాచుకుని ఉండండి. క్యాచర్ చేతి నుంచి రెండో బేస్‌కు 85 అడుగులు. బంతీ పిల్లా ఇంచుమించు ఒకేసారి చేరతాయి, మీరు అక్కడ ముందే ఉంటారు.

అంపైర్ అడ్డు తగలడం గురించి. పిల్లల ఆటలో చాలాసార్లు ఇద్దరే అంపైర్లు. రన్నర్ ఎక్కడున్నాడన్న దాన్ని బట్టి బేస్‌ల అంపైర్ నిలబడే చోటు మారుతుంది. ప్రతి బంతికి ముందు అతని పాదాలు ఎక్కడున్నాయో చూడండి. మీ చోటు నుంచి అతను రెండో బేస్‌ను కప్పుతుంటే నాలుగడుగులు పక్కకు జరగండి. ఎంత పెద్ద లెన్సు కొన్నా ఆ నాలుగడుగులు మీరే వేయాలి.

హోమ్ ప్లేట్ దగ్గర స్లైడ్‌కు మొదటి బేస్ వైపే ఉండండి. మూడో బేస్ నుంచి వచ్చే పిల్ల ముఖం మీకు ఎదురుగా వస్తుంది. స్లైడ్ అయ్యాక వేలు ఎత్తేయకండి. అంపైర్ తీర్పు చెప్పేదాకా ఆ పిల్ల తలెత్తి అతన్నే చూస్తుంది. దుమ్ము పట్టిన ఆ ముఖం కోసమే నేను ఇన్నేళ్లుగా మైదానానికి వెళ్తున్నాను.

రెండు జట్ల అమ్మ | తర్వాతి శనివారం, రాత్రి 9.15

ఈసారి 412 తీశాను, 31 ఉంచుకున్నాను.

మొదటి ఇన్నింగ్స్ అంతా కెమెరా ఒళ్లో పెట్టుకుని కాళ్లు చూస్తూ కూర్చున్నాను. మా వాడు కాలు ఎత్తడు, మడమ మాత్రం లేపి దించుతాడని ఇన్నేళ్లకు ఇప్పుడు తెలిసింది. మూడోసారి బ్యాటింగ్‌కు వచ్చినప్పుడు బంట్ (బ్యాటు ఊపకుండా బంతిని మెల్లగా తాకించడం) ఆడాడు. బంతి మీది ఎర్రకుట్లు లెక్కపెట్టేంత స్పష్టంగా వచ్చాయి. బ్యాటుకు బెత్తెడు దూరంలో ఉంది. వాడి నాలుక కొస పెదవుల మధ్య బయటికి వచ్చి ఉంది. చిన్నప్పుడు చెప్పుల పట్టీ పెట్టుకునేటప్పుడు కూడా అలాగే చేసేవాడు.

అమ్మాయి రెండో బేస్‌కు పరిగెత్తలేదు. కానీ మూడో బేస్ నుంచి హోమ్‌కు వచ్చింది. అంపైర్ పాదాలు చూసి ముందే ఆరడుగులు జరిగి ఉన్నాను. స్లైడ్ ఫోటోలో దుమ్ము తప్ప ఏమీ లేదు. దాని తర్వాతది, పాత క్యాచర్ గారు వేలు ఎత్తవద్దన్నారు కదా, అది వచ్చింది. హెల్మెట్ కడ్డీల వెనక నుంచి అంపైర్‌ను చూస్తోంది, గడ్డం మీద మట్టి ఉంది. అతను సేఫ్ (అవుట్ కాదు) అన్నాడు.

బుధవారం అబ్బాయి ఆట రాత్రి దీపాల కింద ఉంది. అప్పుడు ఏం మార్చాలి?

వెలుగునీడ | తర్వాతి శనివారం, రాత్రి 9.52

ఆ రెండో ఫోటోను పెద్దదిగా అచ్చు వేయించండి, కత్తిరించకుండా.

కరెంటు దీపాల్లో చాలావరకు సెకనుకు 100 లేదా 120 సార్లు మినుకుతాయి, కంటికి తెలియదు. వేగమైన షట్టర్‌కు మాత్రం తెలుస్తుంది. ఒక ఫ్రేము వెలుగ్గా, తర్వాతది పసుపుగా చీకటిగా వస్తుంది. కెమెరా మెనూలో మినుకు తగ్గించే అమరిక ఉందేమో చూసి పెట్టుకోండి. ఐఎస్ఓ పరిమితి 12800కు పెంచండి, షట్టర్ 1/800కు దించండి. 300 దగ్గర కాకుండా 150 దగ్గర తీయండి, మీ లెన్సు అక్కడ కాస్త ఎక్కువ తెరుచుకుంటుంది. మొదటి బేస్ స్తంభం దీపం ఎవరి ముఖం మీద పడుతోందో చూసుకుని అక్కడ కూర్చోండి. ఫ్లాష్ వాడవద్దు, బంతి వస్తుండగా పిల్లల కళ్లలో వెలుగు కొట్టకూడదు.

పాత క్యాచర్ | తర్వాతి శనివారం, రాత్రి 10.10

ఇంకొకటి. దీపాలు వెలిగేముందు అరగంట ముందే వెళ్లండమ్మా. ఆకాశం ఇంకా నీలంగా ఉండగా పిల్లలు బంతులు విసురుకుంటూ ఒళ్లు వేడెక్కించుకుంటారు. మా అబ్బాయి ఫోటోల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఆ వేళ తీసిందే. అందులో ఆట లేదు, వాడు గ్లవ్‌ను ముఖానికి ఆనించుకుని తోలు వాసన చూస్తున్నాడు.